నలుగురు పసిపిల్లలు, ఒక టీచరు

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు మైకు నా చేతికిచ్చారు కాబట్టి ఎక్కువసేపు పట్టుకోను. పులిహోర వాసన నాకూ వస్తోంది.

నేను ఇక్కడే డాలస్ దగ్గర ఒక డేకేర్‌లో ఆరేళ్లు పసిపిల్లల గదిలో పనిచేశాను. ఇప్పుడు ఇంట్లోనే చిన్న డేకేర్ నడుపుతున్నాను. పెద్దవాళ్లు కొందరు "ఆ అమ్మాయి బేబీ సిట్టింగ్ చేస్తుంది" అని నన్ను పరిచయం చేస్తుంటారు. చేస్తాను, నిజమే. కాకపోతే దీనికి పర్మిషన్లు, ఇన్‌స్పెక్షన్లు, సీపీఆర్ ట్రైనింగు అన్నీ ఉంటాయి.

పిల్లల్ని చూసుకోవడానికి రాష్ట్రాలిచ్చే సబ్సిడీ గురించి చెప్పమన్నారు. ముందు ఒక లెక్క వేద్దాం. అది తెలిస్తే మిగతాది తేలిక.

టెక్సాస్‌లో ఏడాది నిండని పిల్లల్ని ఒక టీచరు నలుగురికి మించి చూడకూడదు. బిడ్డకు వారానికి 300 డాలర్లు అనుకోండి, నలుగురికి 1,200. పొద్దున ఏడింటికి తెరిచి సాయంత్రం ఆరింటికి మూస్తే వారానికి 55 గంటలు. గంటకు 15 డాలర్లిచ్చినా 825 జీతానికే పోతుంది. మిగిలిన 375లో అద్దె, ఇన్సూరెన్సు, కరెంటు, పేరోల్ టాక్సు, డైరెక్టరు జీతం, పిల్లల తిండి, బొమ్మలు. ఒక బిడ్డ మానేస్తే ఆ 375 కాస్తా 75 అవుతుంది. అందుకే ఎన్నో డేకేర్లలో పసిపిల్లల గదికి వచ్చే నష్టాన్ని, ఒక టీచరు ఎక్కువమందిని చూడగలిగే నాలుగేళ్ల పిల్లల గది మోస్తుంది.

దేశం మొత్తమ్మీద ఈ పనిలో ఉన్నవాళ్ల మధ్యస్థ వేతనం 2024 మేలో గంటకు 15.41 డాలర్లు. అంటే సగం మందికి అంతకన్నా తక్కువే. తల్లికేమో ఫీజు భారం, టీచరుకు జీతం చాలదు, ఓనరుకు మిగలదు. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యకుండానే ముగ్గురికీ నష్టం వచ్చే పని ఇది. బయటినుంచి డబ్బు పడితే తప్ప లెక్క కుదరదు.

ఆ డబ్బుకు దారి 1990లో వచ్చిన ఫెడరల్ చట్టం. కేంద్రం నిధులిస్తుంది, రాష్ట్రాలు కొంత కలిపి నడుపుతాయి. బిడ్డకు పదమూడేళ్లు నిండకూడదు. తల్లిదండ్రులు ఉద్యోగమో చదువో ట్రైనింగో చేస్తుండాలి. ఆదాయం రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో 85 శాతం దాటకూడదు. అది గరిష్ఠ పరిమితి, చాలా రాష్ట్రాలు ఇంకా కిందే గీత గీసుకున్నాయి. 2014లో చట్టాన్ని సవరించాక, ఒకసారి మంజూరైతే మామూలుగా 12 నెలలు ఉంటుంది. అంతకుముందు కొన్ని చోట్ల గంట జీతం కాస్త పెరిగినా సబ్సిడీ ఊడేది. జీతం పెంచుతామంటే వద్దన్న తల్లుల్ని నేను చూశాను.

టెక్సాస్‌లో ఇది వర్క్‌ఫోర్స్ కమిషన్ చేతిలో, దాని కింద 28 ప్రాంతీయ బోర్డుల చేతిలో ఉంది. ఉద్యోగాల శాఖకు అప్పజెప్పడంలోనే ఉద్దేశం తెలిసిపోతుంది కదా. తల్లి పనికి వెళ్లాలి, అందుకని బిడ్డకు చోటు కావాలి.

కానీ నిధులు సరిపోవు. దేశంలో ఫెడరల్ రూలు ప్రకారం అర్హులైన పిల్లల్లో సుమారు ఆరుగురిలో ఒకరికే ఈ సాయం అందుతోంది. మిగతావాళ్లలో కొందరు తమ రాష్ట్రం గీసిన గీత దాటినవాళ్లు, కొందరు వెయిట్ లిస్టులోనో, అసలు అప్లై చెయ్యకుండానో ఉన్నారు.

ఆ అప్లై చెయ్యనివాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. "మనకెందుకండీ అవి" అంటారు. తెలుగువాళ్లంటే అందరూ సాఫ్ట్‌వేర్ అని మనమే నమ్మేశాం. గ్రోసరీ కౌంటర్ దగ్గర నిలబడే చెల్లెళ్లు, నర్సింగ్ చదివే తల్లులు, విడాకుల తర్వాత ఒంటరిగా నెట్టుకొస్తున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్ల కోసం ఒక మాట. ఈ ఫెడరల్ సబ్సిడీకి చూసేది బిడ్డ పౌరసత్వం, ఇమ్మిగ్రేషన్ స్థితి. తల్లిదండ్రులది కాదు. గ్రీన్ కార్డుకు అడ్డమవుతుందేమోనని టెన్షన్ ఉంటే లాయర్‌ని అడగండి. వాట్సాప్ గ్రూపులో అడగకండి, దయచేసి.

ఇంకో సంగతి. ఆఫీసులో డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ, అంటే పన్ను పడకముందే జీతంలోంచి పక్కన పెట్టే ఖాతా, పెట్టుకుని డేకేర్ ఫీజుకు పన్ను తగ్గించుకునేవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. దాని పరిమితి ఏళ్లకేళ్లు 5,000 డాలర్లుండేది, 2026 నుంచి 7,500 అయింది. అదీ ప్రభుత్వం వదులుకున్న డబ్బే. దానికి లేని సిగ్గు సబ్సిడీ ఫారానికి ఎందుకో!

ఇక మన అసలు సబ్సిడీ అమ్మలు, అత్తగార్లు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఒకరు, ఆరు నెలలు ఇంకొకరు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి దిగుతూ, బయటికెళ్లాలంటే కారు నడపడం రాక, మన పిల్లల్ని పెంచి వెళ్లారు. నా కూతుర్ని మా అమ్మే చూసింది. తిరుగు ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టులో ఆవిడ ఏడ్చింది మనవరాలి కోసం. నేను ఏడ్చింది సోమవారం ఏం చెయ్యాలో తెలియక.

ఇప్పుడు నా వైపు, అంటే పిల్లల్ని చూసేవాళ్ల వైపు. సబ్సిడీ రేటు, అంటే ఒక్కో బిడ్డకు ప్రభుత్వం డేకేర్‌కు ఇచ్చేది, లెక్కగట్టడానికి మార్కెట్లో ఎంత ఫీజు నడుస్తోందో మూడేళ్లకోసారి సర్వే చేయడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. పేదపేటలో తల్లులు ఇచ్చుకోగలిగేదే అక్కడి ఫీజు, అదే అక్కడి మార్కెట్ రేటు. తక్కువ ఫీజు చూసి తక్కువ రేటు కడితే టీచరు జీతం ఎప్పటికి పెరుగుతుంది? నిజంగా ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి రేటు పెట్టే వీలు చట్టంలో ఉంది. న్యూ మెక్సికో ఆ దారి పట్టింది. ఆయిలు, గ్యాసు ఆదాయంతో పెరిగిన రాష్ట్ర శాశ్వత భూనిధి నుంచి చిన్నపిల్లలకు వాటా ఇవ్వాలని 2022లో అక్కడి ఓటర్లు ఒప్పుకున్నారు. 2025 నవంబర్ 1 నుంచి ఆదాయ పరిమితే తీసేశారు. కొత్తగా చేరే టీచరుకు గంటకు కనీసం 18 డాలర్లిచ్చే డేకేర్లకు ఎక్కువ రేటు కడతామన్నారు. నాకు నచ్చింది ఆ చివరి ముక్క. అదే ఏడాది ఇండియానా నిధులు చాలక రేట్లు 10 నుంచి 35 శాతం దాకా కోసింది.

కెంటకీ 2022లో ఇంకో పని చేసింది. డేకేర్‌లో పనిచేసేవాళ్లు ఎంత సంపాదించినా వాళ్ల సొంత పిల్లలకు సబ్సిడీ ఇచ్చింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారిలో నడిచాయి. ఇది నాకెందుకు పట్టిందంటే, పసిపిల్లల గదిలో నలుగురు పరాయి పిల్లల్ని ఎత్తుకుంటున్న రోజుల్లో నా బిడ్డ ఫీజుకే నా జీతంలో సగం పోయేది. పక్క గదిలోంచి దాని ఏడుపు వినిపించేది. వెళ్లడానికి లేదు, నేను కదిలితే నలుగురికి టీచరు ఉండదు.

సరే, వడ్డన మొదలైనట్టుంది. భోజనాలయ్యాక ఆ మూల టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్‌తో కూర్చుంటాను. ఈ మధ్య వచ్చిన పే స్టబ్‌లు, బిడ్డ బర్త్ సర్టిఫికెట్, అడ్రసు ప్రూఫు ఫోన్‌లో ఉంటే అప్లికేషన్ ఇవాళే మొదలుపెట్టొచ్చు. పిల్లల్ని కూడా తీసుకురండి. నలుగురి దాకా నేను చూసుకుంటాను.