భిన్నాభిప్రాయం చట్టసభకు చేరే దారి

సభాధ్యక్షులకు, మిత్రులకు నమస్కారం.

ఫలానా దేశం నుంచి ముప్పు ఎంత ఉందని అడిగితే ఒకే ప్రభుత్వంలోని నిఘా సంస్థలన్నీ ఒకే జవాబు చెప్పడం అరుదు. ఆ జవాబుల మధ్య తేడా ఏమిటో, అది ఎక్కడ పుట్టిందో యుద్ధానికి అనుమతి ఇవ్వాల్సిన చట్టసభ సభ్యులకు ఏ మేరకు తెలుస్తోందన్నది ఈ రోజు నా ప్రసంగ విషయం. దీనికి ఇరాక్ ఆయుధాల గురించి అమెరికా నిఘా సంస్థలు 2002లో రాసిన అంచనాను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. భిన్నాభిప్రాయాలను అప్పట్లో ఎవరూ చించి పారేయలేదు. అన్నీ కాగితం మీదే ఉన్నాయి, అయినా వాటి బరువు ఓటు వేసినవారి దాకా చేరలేదు.

2002 సెప్టెంబరు నాటికి అమెరికాలో ఇరాక్ మీద యుద్ధం గురించి చర్చ ముమ్మరంగా సాగుతోంది. కానీ ఇరాక్ ఆయుధాలపై నిఘా సంస్థలన్నీ కలిసి రూపొందించిన తాజా ఉమ్మడి అంచనా ఏదీ లేదు. దాన్ని తయారు చేయాలని అడిగింది అధ్యక్ష భవనం కాదు. సెనేట్ నిఘా సంఘం అధ్యక్షుడు బాబ్ గ్రాహమ్, సభ్యుడు డిక్ డర్బిన్ వంటివారు పట్టుబట్టి అడిగారు. సాధారణంగా నెలలు పట్టే పనిని సుమారు మూడు వారాల్లో ముగించి, అక్టోబరు 1న తొంభై పేజీలకు పైబడిన రహస్య పత్రాన్ని అందజేశారు. ఆ తర్వాత పది రోజులు తిరిగేసరికి ప్రతినిధుల సభలో 296–133, సెనేట్‌లో 77–23 ఓట్లతో ఇరాక్‌పై యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానం నెగ్గింది.

ఆ పత్రంలోని అత్యంత కీలకమైన వివాదం అల్యూమినియం గొట్టాల గురించి. ఇరాక్ దాదాపు అరవై వేల గొట్టాలు కొనడానికి ప్రయత్నించింది. వాటిలో కొన్ని 2001లో జోర్డాన్‌లో పట్టుబడ్డాయి. అవి 81 మిల్లీమీటర్ల వ్యాసం, 900 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గట్టి మిశ్రలోహపు గొట్టాలు. అణుబాంబుకు పనికొచ్చేలా యురేనియాన్ని శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌లనే యంత్రాల కోసమే వీటిని తెప్పిస్తున్నారని, మామూలు రాకెట్లకు ఇంత కచ్చితమైన కొలతలు అవసరం లేదని సీఐఏ వాదించింది. ఇంధన శాఖ నిపుణులు దీన్ని ఒప్పుకోలేదు. గొట్టం గోడ మందం మూడు మిల్లీమీటర్లకు పైగా ఉందని, సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిరిగే భాగమైన రోటర్‌కు అది మరీ ఎక్కువని వారు చెప్పారు. తుప్పు పట్టకుండా పైన వేసిన ఆనోడైజ్డ్ పూత శుద్ధి పనికి అడ్డమే తప్ప ఉపయోగం లేదన్నారు. ఇరాక్ అంతకు ముందు నుంచే తయారు చేస్తున్న 81 మిల్లీమీటర్ల రాకెట్లకు ఇవి అచ్చంగా సరిపోతాయని కూడా చూపించారు. అమెరికా సొంత మార్క్–66 రాకెట్‌లోనూ ఇదే మిశ్రలోహాన్ని, దాదాపు ఇంతే కచ్చితమైన కొలతలతో వాడుతున్నారని తర్వాతి విచారణలో తేలింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. అమెరికా ప్రభుత్వంలో సెంట్రిఫ్యూజ్‌లను స్వయంగా నిర్మించి, నడిపిన అనుభవం ఉన్నవారు ఇంధన శాఖ ప్రయోగశాలల్లోనే ఉన్నారు. కానీ పత్రంలో ‘చాలా సంస్థలు’ ఒకవైపు, ఇంధన శాఖ, విదేశాంగ శాఖలోని చిన్న నిఘా విభాగం మరోవైపు నిలబడ్డాయి. తలలు లెక్కపెట్టి చదివేవారికి ఇది మెజారిటీ, మైనారిటీ పంచాయితీలా కనిపిస్తుంది. ఎవరికి ఏ విషయంలో పట్టు ఉందో తెలిసి చదివేవారికి పూర్తిగా వేరే చిత్రం కనిపిస్తుంది. చట్టసభకు ఆ రెండో చిత్రాన్ని వివరించి చెప్పే బాధ్యతను ఎవరూ తీసుకోలేదు. ఇంధన శాఖ వైఖరిలోనూ ఒక చిక్కు ఉంది. గొట్టాల వాదనను కాదంటూనే, ఇతర కారణాలు చూపి, ఇరాక్ అణు కార్యక్రమాన్ని మళ్లీ మొదలుపెట్టిందన్న మెజారిటీ నిర్ణయంతో అది ఏకీభవించింది. అణు కార్యక్రమం పునఃప్రారంభమైందనడానికి బలమైన సాక్ష్యం లేదని తెగేసి చెప్పింది విదేశాంగ శాఖ విభాగం ఒక్కటే. ఆఫ్రికా నుంచి యురేనియం కొనేందుకు ఇరాక్ ప్రయత్నిస్తోందన్న కథనం చాలా సందేహాస్పదమని కూడా అదే విభాగం రాసింది. ఆ మాట పత్రం చివరి అనుబంధంలో పడింది.

అక్టోబరు 4న ప్రజల కోసం విడుదల చేసిన బహిరంగ పత్రం మరింత బాధ కలిగిస్తుంది. అణ్వాయుధాల కోసం ఇరాక్ ప్రయత్నిస్తోందని నిపుణులంతా అంగీకరిస్తున్నారని ఆ పత్రం ప్రకటించింది. గొట్టాల విషయంలో మాత్రం కొందరు వేరేగా భావిస్తున్నారని ఒక ముక్క రాసి వదిలేసింది. ఆ ‘కొందరు’ ఎవరో, వారికి ఆ రంగంలో ఎంత అనుభవం ఉందో చెప్పలేదు. ఇరాక్ మానవ రహిత విమానాల గురించి అమెరికా వాయుసేన నిఘా విభాగం చెప్పిన అభ్యంతరం అందులో అసలే కనిపించలేదు. అవి ప్రధానంగా పరిశీలన కోసమేనని, జీవరసాయన దాడి కోసం తయారు చేసినవి కావని ఆ విభాగం రహస్య పత్రంలో స్పష్టంగా రాసింది. విమానాల గురించి వాయుసేనకు తెలియనిది మిగతావారికి తెలుస్తుందా?

తప్పంతా నిఘా సంస్థల మీదే మోపడం న్యాయం కాదు. పూర్తి పత్రం భద్రత గల గదిలో సభ్యుల కోసం సిద్ధంగా ఉంది. అయిదు పేజీల సారాంశం దాటి చదివిన సెనేటర్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందేనని తర్వాత పత్రికలు రాశాయి. రెండు పత్రాల మధ్య తేడాను చూసిన గ్రాహమ్ వ్యతిరేకంగా ఓటు వేశారు. రహస్య విచారణలో సెనేటర్ కార్ల్ లెవిన్ అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబును బహిర్గతం చేయాలని కూడా సంఘం పట్టుబట్టింది. దాని ఫలితంగా అక్టోబరు 7న సీఐఏ నుంచి ఒక లేఖ వచ్చింది. తన మీద దాడి జరిగితే తప్ప సద్దాం జీవరసాయన ఆయుధాలతో అమెరికా మీద ఉగ్రదాడికి దిగే అవకాశం తక్కువన్నది ఆ లేఖ సారాంశం. సరైన ప్రశ్న వేస్తే ఎంత విలువైన సమాచారం బయటికి వస్తుందో ఆ లేఖ చూపిస్తుంది.

సభ్యులు అడగాల్సిన మరో ప్రశ్న ఏకాభిప్రాయానికి సంబంధించింది. ఇరాక్ దగ్గర సంచార జీవాయుధ కేంద్రాలు ఉన్నాయన్న నిర్ణయం ప్రధానంగా ఇరాక్ నుంచి వచ్చి జర్మనీలో ఆశ్రయం కోరిన ఒకే వ్యక్తి మాటల మీద నిలబడింది. జర్మనీ నిఘా సంస్థ అధీనంలో ఉన్న అతని మారుపేరు ‘కర్వ్‌బాల్’. అతన్ని నేరుగా ప్రశ్నించే అవకాశం సీఐఏ విశ్లేషకులకు యుద్ధానికి ముందు దొరకలేదు. అతను చెప్పింది కల్పితమని తర్వాత తేలింది. నాలుగు సంస్థలు ఒకే మాట చెబుతున్నప్పుడు, ఆ నాలుగూ ఒకే చోట విన్న మాటను తిరిగి చెబుతున్నాయేమోనని అడగకపోతే ఆ ఏకాభిప్రాయానికి విలువ ఉండదు.

2004లో సెనేట్ సంఘం ఇచ్చిన సుదీర్ఘ నివేదిక తర్వాత పద్ధతులు కొంత మారాయి. ఆ ఏడాదే జాతీయ నిఘా డైరెక్టర్ పదవిని చట్టం ద్వారా సృష్టించారు. విశ్లేషణ ప్రమాణాలను రాతపూర్వకంగా నిర్దేశించారు. ఇప్పుడు ‘జరిగే అవకాశం ఉంది’ అంటే 55 నుంచి 80 శాతం మధ్య అని అర్థం చెప్పుకోవాలి. ఆ అంచనా మీద ఎంత నమ్మకం ఉందో విడిగా చెప్పాలి. ఈ మార్పు ఫలితాన్ని 2017 జనవరిలో చూశాం. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రష్యా జోక్యం వెనుక ట్రంప్‌ను గెలిపించాలన్న ఆకాంక్ష ఉందన్న అంశంపై సీఐఏ, ఎఫ్‌బీఐలకు అధిక విశ్వాసం, ఎలక్ట్రానిక్ నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకు మధ్యస్థ విశ్వాసం ఉన్నట్టు బహిరంగ పత్రంలోనే పేర్లతో సహా చెప్పారు. కరోనా వైరస్ పుట్టుక విషయంలోనూ సంస్థలు చీలిపోయాయి. ఎఫ్‌బీఐ మధ్యస్థ విశ్వాసంతో, ఇంధన శాఖ స్వల్ప విశ్వాసంతో అది ప్రయోగశాల నుంచి బయటపడిందన్న వాదన వైపు మొగ్గాయి. 2025లో సీఐఏ కూడా స్వల్ప విశ్వాసంతోనే ఆ వైపు చేరింది. అయినా బయట చర్చల్లో ‘స్వల్ప విశ్వాసం’ అన్న భాగం తరచూ జారిపోయి తీర్పు మాత్రమే మిగిలింది.

మన దేశం సంగతి క్లుప్తంగా చెబుతాను. దేశంలోపలి నిఘా సంస్థ ఐబీని, విదేశీ నిఘా సంస్థ ‘రా’ను పర్యవేక్షించే ప్రత్యేక చట్టబద్ధ పార్లమెంటరీ సంఘం మనకు లేదు. 2011లో మనీశ్ తివారీ ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు కానీ అది చట్టం కాలేదు. కార్గిల్ యుద్ధం తర్వాత సుబ్రహ్మణ్యం కమిటీ నివేదికను 2000లో పార్లమెంటు ముందు ఉంచారు, అయితే అది జరిగిపోయినదాని మీద విచారణ. నిర్ణయానికి ముందే వినే వేదిక మనకూ కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అలాంటి సంఘం ఏర్పడితే, మెజారిటీ అంచనాను వినిపించే అధికారితో పాటు దానితో విభేదించిన విశ్లేషకుణ్ని కూడా అదే రోజు, అదే బల్ల ముందు కూర్చోబెట్టి వినాలన్న నిబంధనను చట్టంలోనే రాయాలి.