భీష్ముడి మాట, బోరు లోతు

అందరికీ నమస్కారం. గేమ్ థియరీ గురించి, అంటే ఒకరి ఫలితం ఎదుటివారి ఎత్తు మీద కూడా ఆధారపడినప్పుడు ఎవరు ఏం చేస్తారో చూసే లెక్క గురించి మాట్లాడమన్నారు. బోర్డు మీద లెక్కలు వేసి మిమ్మల్ని నిద్రపుచ్చను. మా నాన్న బత్తాయి తోటతో మొదలుపెడతాను.

మా తోట పక్కనే వరసకు పెదనాన్న అయ్యే ఆయన తోట. మధ్యన ఒక గట్టు, ఒక హద్దు రాయి. ఒక ఎండాకాలం పెదనాన్న రిగ్గు బండిని పిలిపించి బోరు లోతు పెంచారు. ఆ రాతి పిండి మా చెట్ల ఆకుల మీద తెల్లగా పేరుకుంది. మూడు వారాలు తిరగకుండానే మా మోటారు నీళ్లకు బదులు గాలి పోసింది. నాన్న అప్పు తెచ్చి ఇంకా లోతుకు దింపించారు. తర్వాత వాళ్లు, మళ్లీ మేము. చివరికి రెండు తోటలకూ అందినవి పాత నీళ్లే. అప్పులు మాత్రం కొత్తవి.

నల్గొండ నేల సంగతి మీకు చెప్పాలా? కింద గట్టి రాయి, నీరుండేది దాని పగుళ్లలోనే. రెండు బోర్లూ ఒకే పగులులోంచి తాగుతాయి. పక్కవాడు ఆగినా, ఆగకపోయినా నేను దింపితేనే నాకు మేలు. ఆయన లెక్కా అదే. తీరా ఇద్దరూ దింపితే ఇద్దరూ మునుగుతారు. ఇద్దరిలో ఎవరూ తెలివి తక్కువవారు కారు, చిక్కంతా అక్కడే ఉంది. 1950లో అమెరికాలోని రాండ్ అనే పరిశోధన సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ ఇలాంటి ఆటనే రూపొందించారు. దానికి ఇద్దరు ఖైదీల కథ తొడిగినవాడు ఆల్బర్ట్ టక్కర్. ఆ కథతోనే దానికి ఖైదీల సందిగ్ధం అనే పేరు స్థిరపడింది.

కూర్చుని మాట్లాడుకుంటే పోయేది కదా అంటారు. మాట్లాడుకున్నారు. వేపచెట్టు కింద, నలుగురి ముందు, ‘ఇక ఎవరమూ దింపం’ అనుకున్నారు. ఆ మాట నెల కూడా నిలవలేదు. వాళ్లను అబద్ధాలకోరులు అనలేను. తప్పినా ఏమీ పోని మాటను ఎదుటివాడు నమ్మి తోట ఎండబెట్టుకుంటాడా?

ఈ సంగతి మహాభారతంలో సత్యవతి తండ్రి దాశరాజుకు బాగా తెలుసు. సత్యవతి కొడుక్కే రాజ్యం అని దేవవ్రతుడు మాట ఇస్తే, నిన్ను నమ్ముతాను, రేపు నీకు పుట్టబోయేవాళ్ల సంగతేమిటి అన్నాడు. ఎంత గడుసు ప్రశ్న! దానికి జవాబు ఇంకొక తీపి మాట కాదు. పెళ్లే చేసుకోనన్నాడు దేవవ్రతుడు, భీష్ముడయ్యాడు. రాజ్యానికి పోటీ వచ్చే కొడుకులు పుట్టే దారినే మూసేశాడు. తన దారులు తానే మూసుకున్నవాడికి బేరంలో బలం పెరుగుతుందని ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1960లో వివరించారు. 2005లో రాబర్ట్ ఆమన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. అయితే మూసిన తలుపు మనకూ మూసినట్టే. విచిత్రవీర్యుడు సంతానం లేకుండా పోయినప్పుడు, ఏ తల్లి కోసం ఒట్టు పెట్టాడో ఆ సత్యవతే దాన్ని విడిచిపెట్టమని అడిగింది. ఆయన విడవలేదు. ఒట్టు అంత గట్టిగా ఉండాలా అన్నది నాకిప్పటికీ తేలని ప్రశ్న.

మన చెరువుల కింద ఇంత కఠినం కాని ఏర్పాటు ఉండేది. తూము రైతులు ముట్టేవారు కారు, నీళ్లు పంచే నీరటి ఎత్తేవాడు. పంట వచ్చాక అందరి కల్లాల్లోంచీ ఆయనకు గింజలు కొలిచేవారు. తన చేతిని తాను నమ్మని రైతు, తూమును మరొకరి చేతిలో పెట్టాడన్నమాట.

కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్ల కథ దీనికి తలకిందులు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇస్తూ, వాటిని తీసేయమని తెలంగాణ ప్రభుత్వం రైతులను కోరింది. పక్కవాడి పెట్టెలో ఏముందో గట్టు మీద నుంచి కనిపించదు కదా. నేనొక్కడినే ఎందుకు తీయాలి అనిపించడం సహజం.

మా తోటల తగవు తీర్చింది ఉపన్యాసాలు కావు, ఒక పైపు. రెండు బోర్ల నీళ్లనూ ఒకే పైపులో కలిపి, అక్కడి నుంచి రెండు తోటలకూ పంచుకున్నారు. ఇక పెదనాన్న లోతుకు దింపినా సగం నీళ్లు మాకే వస్తాయి, ఖర్చు మాత్రం ఆయనదే. రిగ్గు బండి మళ్లీ మా దారి పట్టలేదు. గేటు వాల్వు ఎవరి వైపు పెట్టాలన్నదానికి మాత్రం మూడు రోజులు వాదులాడుకున్నారు. చివరికి హద్దు రాయి పక్కన, రెండు గుడిసెల్లోంచీ కనిపించేలా బిగించారు.