కొనడం మానేసే ముందు ఎవరిని అడగాలి?

నమస్కారమండి. ఈ వారం వ్లాగ్‌లో చూడదగ్గ ప్రదేశాలు గానీ, ప్రయాణ విశేషాలు గానీ ఉండవు. పరాయి దేశంలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంగా మేము ఏ కంపెనీల వస్తువులు కొనడం మానేశామో, ఏ దుకాణాలకు వెళ్ళడం మానేశామో, మానెయ్యమని నలుగురూ చెబుతున్నా కొన్నింటిని ఎందుకు కొంటూనే ఉన్నామో వివరంగా చెప్పమని మీలో చాలామంది అడుగుతూ వస్తున్నారు. ఫలానా కంపెనీ మంచిది, ఫలానాది చెడ్డది అని జాబితా చదివి ముగించవచ్చు గానీ, ఆ జాబితా ఆర్నెల్లు తిరగకుండానే పాతబడుతుంది. అందుకని మా ఇంట్లో ఈ నిర్ణయాలు ఏ ఆలోచనతో జరుగుతాయో చెబుతాను.

ఇప్పుడు తెర మీద మీరు చూస్తున్నది మా అల్మరాలోని ఒక చొక్కా లేబుల్. దాని మీద బంగ్లాదేశ్ అని ఉంది. ఆ చొక్కాను కుట్టిన దేశమేదో మాత్రమే లేబుల్ చెబుతుంది. ఆ పత్తి ఏ పొలంలో పండిందో, నూలు ఎక్కడ వడికారో, రంగు ఎక్కడ అద్దారో చెప్పదు. మాలాంటి వలస కుటుంబాలకు ఈ లేబుల్ మరో విధంగా కూడా ముఖ్యం. మనం వచ్చిన ప్రాంతాలలోనో, వాటి ఇరుగుపొరుగు దేశాలలోనో బట్టలు తయారవుతాయి, మనం బతుకుతున్న దేశాలలో అమ్ముడవుతాయి. కుట్టేవారి మాట ఆ బ్రాండ్ యజమానుల చెవిన పడటం కష్టం. కొనేవారి మాట పడుతుంది. ఆ అవకాశం మన చేతిలో ఉంది కాబట్టే దానిని జాగ్రత్తగా వాడాలని నేను పట్టుబడతాను.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలిపోయింది. అంతకు ముందు రోజే గోడలలో పగుళ్ళు కనిపించాయి. కింది అంతస్తులలోని బ్యాంకును, దుకాణాలను మూసేశారు. పై అంతస్తులలోని దుస్తుల కర్మాగారాల కార్మికులను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. 1,134 మంది చనిపోయారు. శిథిలాలలో దొరికిన లేబుళ్ళ మీద యూరప్, అమెరికా దుకాణాలలో రోజూ కనిపించే పేర్లు ఉన్నాయి. ఆ దృశ్యాలు చూసినవారు ఎవరైనా ఆ బ్రాండ్లను ఇక ముట్టుకోకూడదు అనుకోవడం సహజం. కానీ బంగ్లాదేశ్ కార్మిక నాయకులు అనేకులు వద్దన్నారు. ఆర్డర్లు ఆగిపోతే ముందు రోడ్డున పడేది కుట్టుమిషన్ ముందు కూర్చునే ఆడపిల్లలే కాబట్టి, వ్యాపారం మానుకుని వెళ్ళిపొమ్మని కాకుండా, ఇక్కడే ఉండి భవనాలను బాగుచేయమని కంపెనీలను ఒత్తిడి చేయండని వారు కోరారు. ఆ ఒత్తిడి ఫలితంగానే అదే సంవత్సరం మే నెలలో, కార్మిక సంఘాలకూ బ్రాండ్లకూ మధ్య చట్టబద్ధంగా కట్టుబడి ఉండవలసిన ఒప్పందం కుదిరింది. దాని కింద కర్మాగారాలకు స్వతంత్ర ఇంజినీర్లు వెళ్ళి తనిఖీలు చేశారు, అగ్నిమాపక ఏర్పాట్లు, భవనాల మరమ్మతులు జరిగాయి. అందువల్ల మేము బంగ్లాదేశ్ లేబుల్ ఉన్న బట్టలు మానలేదు. ఆ ఒప్పందంలో చేరడానికి నిరాకరించిన కంపెనీలను మానుకున్నాం, చేరిన కంపెనీల నుంచి కొన్నాం.

కార్మికుల మాట వినకుండా వారి మేలు కోరితే ఏమవుతుందో ఆ దేశమే అంతకు ఇరవై ఏళ్ళ ముందు చూసింది. బాల కార్మికులు తయారుచేసిన వస్తువుల దిగుమతిని నిషేధించాలని 1990ల ఆరంభంలో అమెరికా సెనేట్‌లో ఒక బిల్లు వచ్చింది. బిల్లు చట్టం కాకముందే, ఆ భయంతోనే, బంగ్లాదేశ్ దుస్తుల కర్మాగారాల యజమానులు పిల్లలను పనిలోంచి తీసేశారు. ఆ సంఖ్య యాభై వేల వరకూ ఉంటుందని యూనిసెఫ్ 1997 నివేదిక అంచనా వేసింది. ఆ పిల్లలలో చాలామంది బడికి వెళ్ళలేదు. రాళ్ళు కొట్టే పనులలోకి, వీధి వ్యాపారంలోకి, అంతకంటే ప్రమాదకరమైన చోట్లకు వెళ్ళారు. తర్వాత 1995లో యజమానుల సంఘం, యూనిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి, చదువుకునే ఏర్పాటు లేకుండా పిల్లలను తీసేయకూడదని ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. పిల్లల చేత పని చేయించడం తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పిల్లవాడి రేపటి గురించి ఆలోచించని నిషేధం ఆ పిల్లవాడికి మేలు చేసిందని నేను అనలేను.

అలాగని ఎప్పుడూ కొంటూనే ఉండాలని నేను చెప్పడం లేదు. దక్షిణాఫ్రికా చరిత్ర దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది. 1959 జూన్ 26న లండన్‌లో, ప్రధానంగా దక్షిణాఫ్రికా నుంచి వెళ్ళిన ప్రవాసుల చొరవతో, నల్లవారిని అణచివేస్తున్న అక్కడి తెల్లవారి ప్రభుత్వపు జాతి వివక్షకు నిరసనగా, ఆ దేశపు వస్తువుల బహిష్కరణ ఉద్యమం మొదలైంది. మనలాగే పుట్టిన నేలకు దూరంగా ఉంటున్నవారు, తాము ఉంటున్న దేశంలోని కొనుగోలుదారులను కూడగట్టిన సందర్భం అది. అప్పుడు కూడా, దీనివల్ల నల్లవారికే కష్టం కదా అని ఎందరో అడిగారు. అక్కడ నల్లవారి హక్కుల కోసం పోరాడుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఆల్బర్ట్ లుథూలీ ఆ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చారు: కష్టం వస్తుందన్న మాట నిజమే, రక్తపాతపు రోజులు దానివల్ల తగ్గుతాయంటే ఆ కష్టాన్ని భరించడానికి మేము సిద్ధంగా ఉన్నాం అన్నారు. బాధ అనుభవించబోయేవారే ముందుకు వచ్చి, మా వస్తువులు కొనకండి అని అడిగిన తర్వాత, వారి క్షేమం పేరు చెప్పి కొనసాగించే హక్కు మనకు ఉండదు.

ఆ ఉద్యమంలోనే నా మనసులో బాగా నిలిచిన ఘట్టం ఒకటి ఉంది. 1984 జూలైలో డబ్లిన్ నగరంలోని డన్స్ స్టోర్స్‌లో పనిచేసే మేరీ మానింగ్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ యువతి, కార్మిక సంఘం తీర్మానాన్ని పాటించి, ఒక కొనుగోలుదారు తెచ్చిన దక్షిణాఫ్రికా పంపరపనసలకు బిల్లు వేయనన్నారు. ఆమెను సస్పెండ్ చేశారు. కొద్దిమంది సహోద్యోగులు ఆమె వెంట బయటికి వచ్చారు, ఆ సమ్మె రెండున్నరేళ్ళకు పైగా సాగింది. 1987లో ఐర్లండ్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా పండ్లు, కూరగాయల దిగుమతిని నిషేధించింది. మనం ఒక వస్తువును అరలో వదిలేసి ముందుకు నడిస్తే మనకు పోయేది ఏమీ లేదు, పక్కన ఇంకొకటి ఉంటుంది. బిల్లు కౌంటర్ దగ్గర కూర్చున్న ఆ అమ్మాయికి మాత్రం జీతం పోయింది. మేము ఒక బ్రాండ్ మానేశామని గొప్పగా చెప్పుకునే ముందు నేను ఆమెను తలచుకుంటాను.

ఇక అడుగుదామన్నా నోరు విప్పలేని చోట్లు ఉన్నాయి. ప్రపంచపు పత్తిలో సుమారు అయిదో వంతు చైనాలోని షింజియాంగ్ ప్రాంతంలో పండుతుంది. అక్కడి వీగర్ ముస్లింల చేత బలవంతంగా పని చేయిస్తున్నారన్న ఆరోపణలకు చాలా ఆధారాలు బయటకు వచ్చాయి. చైనా ప్రభుత్వం వాటిని ఖండిస్తోంది. 2022 జూన్ నుంచి అమెరికాలో అమలవుతున్న చట్టం ప్రకారం, ఆ ప్రాంతం నుంచి వచ్చే ఏ వస్తువునైనా బలవంతపు చాకిరీతో తయారైనదిగానే భావిస్తారు. కాదని నిరూపించుకోవలసిన బాధ్యత దిగుమతిదారుదే. స్వతంత్ర కార్మిక సంఘం లేదు, బయటివారు స్వేచ్ఛగా తనిఖీ చేసే వీలు లేదు. అలాంటప్పుడు లోపల ఉండి బాగుచేయండి అని కంపెనీలను కోరడంలో అర్థం లేదు. ప్రవాసంలో ఉన్న వీగర్ సంఘాలు మానుకోమంటున్నాయి. మేము పత్తి ఎక్కడిదో చెప్పగలిగిన బ్రాండ్లనే వెతుక్కుంటున్నాం, తక్కువ బట్టలు కొంటున్నాం. వెతకడానికి సమయం పడుతుంది, కొన్ని కంపెనీలు అడిగినా జవాబు చెప్పవు. జవాబు చెప్పకపోవడాన్నే మేము జవాబుగా తీసుకుంటాం.

బహిష్కరణ అనగానే మన తెలుగువారికి స్వదేశీ ఉద్యమం గుర్తుకు రావాలి. 1905లో బెంగాల్ విభజనకు నిరసనగా మొదలైన విదేశీ వస్తు బహిష్కరణ, 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటనతో ఆంధ్ర ప్రాంతమంతా ఊపందుకుంది. ఆ చరిత్ర మనకు తెలిసిందే. కానీ 1931 సెప్టెంబరులో జరిగినదాని గురించి ఎక్కువమంది మాట్లాడరు. రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళిన గాంధీ, అక్కడి నుంచి లాంకషైర్‌లోని మిల్లు పట్టణాలకు వెళ్ళారు. భారతదేశంలో జరుగుతున్న వస్త్ర బహిష్కరణ కూడా ఒక కారణమై పని కోల్పోయిన కార్మికుల ఊళ్ళు అవి. డార్వెన్ దగ్గర మిల్లు కార్మిక స్త్రీల మధ్య ఆయన నిలబడిన ఛాయాచిత్రం చాలామంది చూసే ఉంటారు. ఆయన బహిష్కరణను వెనక్కి తీసుకోలేదు. మీ నిరుద్యోగం చూస్తే నాకు బాధగా ఉంది, అయితే మా దేశంలోని పేదరికం ఇంతకంటే ఎంతో పెద్దది అని వారి ఎదుటే చెప్పారు. వారు ఆయనను ఆదరంగా పలకరించారు. ఎవరి పొట్ట మీద దెబ్బ పడుతోందో వారి దగ్గరికి స్వయంగా వెళ్ళి కారణం చెప్పగలిగిన ధైర్యం చాలా అరుదు. మనం మానేసే దుకాణంలో కూడా మనలాగే వలస వచ్చిన ఉద్యోగులు ఉంటారు. వారితో ఏ మాట చెబుతామో ముందే ఆలోచించుకోవాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పదలచుకున్నాను. రెండు దేశాల మధ్య ఉద్రిక్తత వచ్చినప్పుడల్లా మన వాట్సాప్ గ్రూపులలో, ఫలానా దేశం వాడి దుకాణానికి వెళ్ళకండి అని సందేశాలు తిరుగుతాయి. ఆ దుకాణదారు కూడా మనలాగే పుట్టిన దేశం విడిచి వచ్చి, కుటుంబాన్ని పోషించుకుంటున్న మనిషి. అక్కడి ప్రభుత్వం తీసుకున్న నిర్ణయంలో అతనికి పాత్ర లేదు. ఒక మనిషి చేసిన పనిని బట్టి, ఒక కంపెనీ తీసుకున్న నిర్ణయాన్ని బట్టి కొనడం మానవచ్చు. పుట్టుకను బట్టి, మతాన్ని బట్టి, ఇంటిపేరును బట్టి మానడం వివక్షే అవుతుంది. రేపు అదే సందేశం మన పేర్లతో తిరిగితే మనకు ఎలా ఉంటుందో వలస బతుకు బతికే ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. అలాంటి సందేశాలను మా ఇంట్లో ఎవరమూ ముందుకు పంపము.

నిజమైన కారణం ఉన్నప్పుడు కూడా వివరాలు సరిచూసుకోవాలి. 1995లో ఉత్తర సముద్రంలోని బ్రెంట్ స్పార్ అనే చమురు నిల్వ కట్టడాన్ని సముద్రంలో ముంచేయాలన్న షెల్ నిర్ణయానికి వ్యతిరేకంగా, ముఖ్యంగా జర్మనీలో, ప్రజలు ఆ కంపెనీ పెట్రోలు బంకులకు వెళ్ళడం మానేశారు. జూన్‌లో కంపెనీ వెనక్కి తగ్గింది. తర్వాత అందులో మిగిలిన చమురు గురించి తాము చెప్పిన అంచనా తప్పని గ్రీన్‌పీస్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. సముద్రాన్ని చెత్తకుప్ప చేయకూడదన్న వాదన అప్పటికీ నిలబడే ఉంది, ఇప్పటికీ నిలబడుతుంది. అయినా తప్పుడు అంకె ఒకటి చేరితే, ఎదుటివారికి అసలు విషయం వదిలేసి ఆ అంకెనే పట్టుకునే అవకాశం దొరుకుతుంది. ఏ బ్రాండ్ ఏ సంస్థదన్న సంగతీ అంతే, సరిచూసుకోవాలి: డవ్, లక్స్ రెండూ యూనిలీవర్ సంస్థవే కాబట్టి, కోపంతో ఒక సబ్బు మానేసి రెండోది కొనేవారు ఆ సంస్థను మానినట్టు కాదు.

వ్యక్తిగత కారణాలతో మానడం గురించి కూడా అడిగారు. మా అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చినప్పుడు ఒక పెద్ద దుకాణంలో బిల్లు దగ్గర ఆవిడ మాట తీరును అనుకరిస్తూ ఒక ఉద్యోగి నవ్వాడు. పక్కనే ఉన్న పర్యవేక్షకుడు చూసి ఊరుకున్నాడు. నేను జరిగినది జరిగినట్టు యాజమాన్యానికి ఉత్తరం రాశాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అన్న ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. ఆ రోజు నుంచి మేము అక్కడికి వెళ్ళడం లేదు. ఆ దుకాణం పేరు ఈ వ్లాగ్‌లో చెప్పను, మిమ్మల్ని మానమని అడగను, ఎందుకంటే అది మా ఇంటి గౌరవానికి సంబంధించిన నిర్ణయం. దానివల్ల ఆ కంపెనీ మారుతుందన్న ఆశ కూడా లేదు. మనల్ని అవమానించిన చోట డబ్బు ఇవ్వకపోవడానికి ఎవరి అనుమతీ, ఏ ఫలితమూ అవసరం లేదు. నలుగురినీ కలుపుకుని చేసే బహిష్కరణ అలా కాదు. దానికి స్పష్టమైన కోరిక ఉండాలి, ఆ కోరిక బాధితుల నోటి నుంచి రావాలి, తీరిన రోజున ఆపడం తెలియాలి.

ఇంకొక మాట. కొత్తగా వచ్చిన విద్యార్థులను, చిన్న జీతాలతో నెట్టుకొస్తున్నవారిని, నువ్వు ఇంకా అక్కడే కొంటున్నావా అని నిలదీయకండి. ఎంచుకునే స్తోమత అందరికీ ఒకేలా ఉండదు. ఆ భారం మోయగలిగినవారు ముందు మోయాలి.

ఆపడం తెలియాలన్నాను కదా, దానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ కాలిఫోర్నియా ద్రాక్ష. 1965లో డెలానో ప్రాంతంలో ముందు ఫిలిపినో కార్మికులు, వారి తర్వాత సెసార్ చావెజ్, డొలొరెస్ హుయెర్తాల నాయకత్వంలోని మెక్సికన్ కార్మికులు సమ్మెకు దిగారు. ద్రాక్ష కొనవద్దని దేశమంతా తిరిగి చెప్పారు. 1970 జూలైలో తోటల యజమానులు ఒప్పందాలపై సంతకాలు చేశారు. అప్పుడు ఆ కార్మికుల సంఘం చేసిన పని చూడండి: ఒప్పందం ప్రకారం కోసిన ద్రాక్ష పెట్టెల మీద తమ నల్ల గద్ద గుర్తు వేయించి, ఇవి కొనండి అని ప్రజలను కోరింది. అంతవరకూ వద్దన్న కార్మికులే కావాలన్నారు. మేమూ మానేసిన ప్రతి పేరు పక్కన, ఏది జరిగితే మళ్ళీ కొంటామో రాసి ఉంచుతున్నాం, అదే మాట ఆ కంపెనీకి కూడా రాస్తున్నాం. వచ్చే వారం అలాంటి ఉత్తరం ఎలా రాయాలో, దానిని కంపెనీలో ఎవరికి పంపాలో ఒక నమూనాతో సహా చూపిస్తాను.