విలియమ్ హోయ్: మూడో బేస్ దగ్గర లేచిన చేయి

అధ్యక్షులవారికి, ఉపాధ్యాయులకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం. బధిర విద్యార్థుల ఆటల పోటీలను ప్రారంభిస్తూ ఆటల వల్ల కలిగే మేలు గురించి మాట్లాడమన్నారు. అందుకు బదులుగా ఒక్క ఆటగాడి గురించి చెబుతాను, మన్నించండి.

విలియమ్ ఎల్స్‌వర్త్ హోయ్ 1862లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టారు. మూడేళ్ల వయసులో మెదడు వాపు జ్వరం వచ్చి వినికిడి పోయింది. కొలంబస్‌లోని బధిరుల పాఠశాలలో అందరికన్నా ముందు నిలిచి చదువు ముగించి, ఊళ్లో చెప్పులు కుట్టే దుకాణం నడిపారు. 1886లో ఆష్‌కాష్ అనే ఊరి బేస్‌బాల్ జట్టులో చేరారు. బేస్‌బాల్‌లో బంతి కొట్టినవాడు బేస్‌లనే నాలుగు గుర్తులను వరుసగా తాకుతూ పరుగెత్తాలి; చివరిది హోమ్ ప్లేట్. అక్కడ ఒక చిక్కు వచ్చింది. వేసిన బంతి మంచిదో, అంటే కొట్టడానికి వీలైనదో, కాదో అంపైర్ నోటితో చెప్పేవాడు; అది తెలుసుకోవడానికి హోయ్ వెనక్కి తిరిగేలోపే తరువాతి బంతి వచ్చి పడేది. మరుసటి ఏడు ఆయన మూడో బేస్ దగ్గర నిలబడే శిక్షకుణ్ణి ఒక సాయం కోరారు: బంతి చెడ్డదైతే ఎడమ చేయి, మంచిదైతే కుడి చేయి ఎత్తమన్నారు. అంతే, ఆయన బ్యాటింగే మారిపోయింది. నేటి అంపైర్ల సైగలన్నీ ఆయన వల్లే పుట్టాయన్న మాటను చరిత్రకారులు అందరూ ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా ఆ ఎత్తిన చేయి చాలు నాకు.

జనం ఆయనను 'డమ్మీ' హోయ్ అన్నారు. ఆ రోజుల్లో అక్కడ ఆ మాటకు మూగవాడని అర్థం. ఆయన స్వయంగా ఆ పేరునే వాడుకునేవారని తెలిసినా నేను అలా పిలవలేను. మా అన్నయ్యకు పుట్టుకతోనే వినపడదు. అమ్మానాన్నలు పెట్టిన మంచి పేరుండగా ఊరంతా 'మూగోడు' అనే పిలిచింది. ఆయన పోయిన రోజున కూడా 'మూగోడు పోయాడు' అనే నాకు కబురొచ్చింది. నా మాటలను సైగల్లో చెబుతున్న అమ్మా, మీకో విన్నపం. హోయ్ గారి పేరుకు మూగ అన్న సైగ చేయకండి. ఒక్కో అక్షరాన్నీ వేళ్లతో చూపండి.

1888లో వాషింగ్టన్ జట్టు తరఫున హోయ్ 82 బేస్‌లు దొంగిలించి, అంటే తోటివాడు బంతి కొట్టకపోయినా పరుగెత్తి తరువాతి బేస్‌ను చేరుకుని, నేషనల్ లీగ్ అనే పెద్ద పోటీలో అందరికన్నా ముందు నిలిచారు. 1889 జూన్ 19న మైదానం వెనుక భాగం నుంచి బంతిని సూటిగా విసిరి, ఒకే ఆటలో ముగ్గురిని హోమ్ ప్లేట్ దగ్గర ఔట్ చేయించారు. గాలిలోకి లేచిన బంతిని తానే పట్టబోతున్నప్పుడు గొంతులోంచి సన్నని కీచు శబ్దం చేసేవారని, అది విని మిగతా ఫీల్డర్లు తప్పుకునేవారని లూయీవిల్‌లో ఆయనతో ఆడిన టామీ లీచ్ చెప్పారు. 1902లో సిన్సినాటి తరఫున ఆడుతూ, మరో బధిరుడైన లూథర్ టేలర్ వేసిన బంతులను ఎదుర్కొన్నారు. ఆ తరువాత పాడి పశువులను పెంచుకుంటూ బతికారు.

ఇన్ని చేసినా మేటి బేస్‌బాల్ ఆటగాళ్లను గౌరవించే కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కలేదు. ఇది అన్యాయమని అక్కడి బధిరులతో పాటు నేనూ అంటాను.

1961 అక్టోబరులో సిన్సినాటిలోని క్రాస్లీ ఫీల్డ్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ (ఏటా జరిగే బేస్‌బాల్ తుది పోరు) ఆటకు తొలి బంతి విసరడానికి ఆయనను పిలిచారు. అప్పటికి ఆయన వయసు 99. బంతి విసిరి వెళ్లారు. ఆ డిసెంబరులోనే కన్నుమూశారు.