ఇంగ్లీషు విన్నపంలో కరుణ ఏ మాటలో ఉంటుంది?

[తెరపై: బుడమేరు వంతెన, సింగ్‌నగర్]

నమస్కారం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగిన తరువాత, సాయం కోరుతూ కొందరు ఇంగ్లీషులో రాసుకున్న విన్నపాలను నేను దిద్దాను. వాటిలో పదేపదే కనిపించిన మాట 'పెథటిక్'. 'అవర్ కండిషన్ ఈజ్ వెరీ పెథటిక్' అని రాసినవారి ఉద్దేశం తమ స్థితి దయనీయమని చెప్పడమే. గ్రీకు 'పాథోస్' నుంచి వచ్చిన ఆ మాటకు ఆ అర్థం ఉన్నది కూడా. అయితే నేటి వాడుకలో అది జాలికన్నా ముందు చులకనను స్ఫురింపజేస్తుంది.

[తెరపై: ఎక్స్‌పైర్డ్, డైడ్]

'చనిపోయారు' అనడానికి మనసొప్పక 'కాలం చేశారు' అనడం మన మర్యాద. ఆ మర్యాదతోనే సెలవుచీటీలో 'మై గ్రాండ్‌ఫాదర్ ఎక్స్‌పైర్డ్' అని రాస్తాము. మన దేశంలో అది చెల్లుతుంది గాని, బయటి పాఠకునికి మందుసీసా మీది గడువు తేదీ గుర్తుకు రావచ్చు. మనకు మొరటుగా తోచే 'డైడ్' అన్న మాటే అక్కడ గౌరవంగా వినిపిస్తుంది. 'రెసిడెన్స్' చిరునామాకు సరిపోతుంది. పోగొట్టుకున్నది ఇల్లయితే 'హోమ్' అనే రాయాలి.

[తెరపై: కొట్టివేసిన వాక్యం]

ఒక యువకుని విన్నపంలో 'వి ఆర్ హెల్ప్‌లెస్ అండ్ మిజరబుల్' అన్న వాక్యాన్ని తీసివేసి, 'మై మదర్స్ సూయింగ్ మెషీన్ వాజ్ అండర్ వాటర్ ఫర్ సిక్స్ డేస్' అని రాయించాను. కుట్టుమిషను మునిగితే ఆ ఇంటి రాబడి ఏమైందో పాఠకుడే ఊహించుకుంటాడు. శోకాన్ని 'శోకం' అని పేరు పెట్టి చెప్పడాన్ని మన ఆలంకారికులు స్వశబ్దవాచ్యత అనే రసదోషంగా ఏనాడో లెక్కించారు. ఇంగ్లీషు విన్నపానికి ఇంతకన్నా మంచి సూత్రం నాకు తెలియదు. గణాంకాల్లోని ప్రాణాలకన్నా, శస్త్రచికిత్స అవసరమైన ఒక్క ఆరేళ్ల పాపకే జనం చేయూతనిస్తారని అమెరికా ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1968లో గుర్తించారు. వేలాది కుటుంబాల ప్రస్తావన కన్నా ముందు ఆ కుట్టుమిషను రావలసింది అందుకే.

విన్నపం పంపేముందు దానిని ఆ తల్లికి తెలుగులో చదివి వినిపించాము. 'పూర్ విడో' అన్న మాటలకు అర్థం విని, అవి వద్దన్నారు ఆమె. ఆ చోట 'షి స్టిచెస్ స్కూల్ యూనిఫామ్స్' అని రాశాము.