చిన్న వాగులకి టెంకారా రాడ్: రోడో నాకెందుకు నచ్చిందంటే

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ రాడ్ ఒక షాపువాళ్లు వాడి చూడమని ఉచితంగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు, ఈ వీడియో వాళ్లకి ముందుగా చూపించనూ లేదు. టెంకారా అంటే రీలు లేకుండా చేపలు పట్టే జపాన్ పద్ధతి. దానికోసం టెంకారా యూఎస్‌ఏ అనే కంపెనీ చేసిన రాడ్ పేరే రోడో. బరువు సుమారు 60 గ్రాములు, ఫ్లెక్స్, అంటే రాడ్ వంగే తీరు, 6:4, ఇవన్నీ మీరు చూసే ఉంటారు. నేను మాట్లాడేది ఒక్కదాని గురించే. దీన్ని 2.7 మీటర్ల నుంచి 3.2 దాకా మూడు పొడవుల్లో వాడుకోవచ్చు.

నేను చేపలు పట్టేది అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో, కొండల మీద బాగా పైనుండే వాగుల్లో. రెండు గట్ల మీదా రోడోడెండ్రాన్ పొదలు పెరిగి నెత్తిమీద కలిసిపోతాయి. నా పాత రాడ్ 3.6 మీటర్లు, కంపెనీ పేరు వద్దులెండి. తెరిస్తే పూర్తిగా తెరవాల్సిందే. వెనక్కి ఎత్తితే కొమ్మ, ముందుకి విసిరితే కొమ్మ! చిక్కు తీసుకునేలోపు మడుగులో చేపలన్నీ రాళ్ల కిందికి దూరేవి. ఎంత విసుగొచ్చేదో.

రోడో అయితే పొదల కింద 2.7లో పెట్టేస్తా. అక్కడా చోటు లేదా, విసరడమే మానేస్తా. కెబారిని, అంటే ఈక చుట్టిన గాలాన్ని, రెండు వేళ్లతో పట్టుకుని రాడ్ కొస వంగేదాకా వెనక్కి లాగి వదిలేయడమే. బో అండ్ యారో కాస్ట్ అంటారు దీన్ని. నాలుగడుగులు పైకెళ్తే బండల మధ్య మడుగు, పైన ఖాళీ. పిడి దగ్గరి ముక్క లాగితే చాలు, 3.2 అయిపోతుంది. లైను విప్పే పనే లేదు.

ఆ అర మీటరుతో ఏమొస్తుందంటారా? మధ్యలో ఉరవడిగా పారే నీళ్లకి లైను తగలకుండా పైకి ఎత్తి పట్టుకోవచ్చు. తగిలిందంటే ప్రవాహం లైనుని లాగేస్తుంది, కెబారి ఉరుకుతుంది, చేప దాని వంక కూడా చూడదు. ఎత్తి పట్టుకుంటే కెబారి నీటితోపాటు నెమ్మదిగా వస్తుంది. అలా వచ్చిందే ఈ బ్రూక్ ట్రౌట్. చూడండి, ఎర్ర చుక్కల చుట్టూ నీలం వలయాలు, రెక్కల అంచున తెల్లటి గీత. అబ్బ, ఎంత బాగుందో! ఏడంగుళాలు లేదు కాబట్టి వదిలేశా, అక్కడి రూలు అది.

ఊళ్లో కాలువ గట్టున వెదురు గాలం పట్టినవాళ్లకి ఇది తొందరగా అలవాటవుతుంది. రీలు లేదు, దారం కొసకే కడతాం. కాకపోతే వానపాము మాత్రం ఆ పార్కులో కుదరదు, కృత్రిమ ఎరలకే అనుమతి. టిప్పెట్, అంటే లైను చివర కెబారికి కట్టే సన్నటి దారం, 5ఎక్స్ అనే సైజుకంటే లావుది కట్టకండి. ఎక్కడైనా పట్టేసినప్పుడు దారం తెగాలి గానీ రాడ్ కొస విరగకూడదు.

ఉచితంగా రాకపోయినా దీన్ని కొనేవాణ్ని. మీది వెడల్పాటి నది అయితే మాత్రం ఇది వద్దు, 4 మీటర్ల రాడ్లు చూడండి. మీ వాగు ఎంత వెడల్పో, పైన చెట్లు ఎలా ఉన్నాయో కామెంట్లో రాయండి. ఏ పొడవు సరిపోతుందో చెబుతా.