తాగుడు తగ్గించుకున్న టీనేజర్లు: ఐస్‌లాండ్‌లో అసలేం చేశారు?

[తెరపై: రాత్రి వేళ రేక్యావిక్ వీధులు. కింద అక్షరాలు: "1990లు, శుక్రవారం రాత్రి"]

1990ల్లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో శుక్రవారం రాత్రి సిటీ సెంటర్ వైపు వెళ్లాలంటే పెద్దవాళ్లే జంకేవారు. దొంగలకు భయపడి కాదు. తాగి, గుంపులుగా రోడ్ల మీద కేకలేస్తూ తిరిగే పిల్లల్ని చూసి. పిల్లలంటే కాలేజీ కుర్రాళ్లు కూడా కాదు. మన లెక్కలో తొమ్మిది, పదో తరగతి పిల్లలు.

1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్ని ఒక ప్రశ్న అడిగారు. గత 30 రోజుల్లో ఎప్పుడైనా మత్తెక్కేదాకా తాగారా? నూటికి 42 మంది అవునన్నారు. రోజూ సిగరెట్ తాగేవాళ్లు నూటికి 23. గంజాయి ఒక్కసారైనా ముట్టినవాళ్లు 17.

[తెరపై: 42, 23, 17 అంకెలు. వాటి పక్కనే 2016 అంకెలు: 5, 3, 7]

2016లో మళ్లీ అదే వయసు పిల్లల్ని అవే ప్రశ్నలు అడిగారు. తాగుడు 5 శాతం. రోజూ సిగరెట్ 3 శాతం. గంజాయి 7 శాతం. పద్దెనిమిదేళ్లలో ఇంత తేడా. ఒకప్పుడు యూరప్‌లో బాగా తాగే పిల్లల్లో ఒకరిగా పేరుపడ్డవాళ్లు, అన్నిటికన్నా తక్కువ తాగేవాళ్ల వరసలోకి వచ్చేశారు.

ఏదైనా కొత్త మందు కనిపెట్టారా? పోలీసులు దుకాణాలన్నీ మూయించారా? లేదు. స్కూలు, అమ్మానాన్నలు, ఆటల క్లబ్బులు, మున్సిపాలిటీ, పరిశోధకులు ఒకే లెక్క ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆ లెక్క ఎలా తీశారన్నదే నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన భాగం. అందుకే వీడియోలో ఎక్కువసేపు దాని దగ్గరే ఆగుతాను.

[తెరపై: ఐస్‌లాండ్ మ్యాప్]

ముందు దేశం గురించి రెండు ముక్కలు. ఐస్‌లాండ్ మొత్తం జనాభా ఇప్పటికీ 4 లక్షల లోపే. దాదాపు మన కడప నగరమంత. చలికాలంలో పగలు నాలుగైదు గంటలు వెలుతురుంటే గొప్ప. పిల్లలకు సాయంత్రం అంటే చీకటే.

ఇంకో సంగతి. ఐస్‌లాండ్‌కు మద్యనిషేధం కొత్తేం కాదు. 1915లోనే పెట్టారు. తర్వాత, మా వైన్ కొనకపోతే మీ చేపలు మేం కొనం అని స్పెయిన్ పట్టుబట్టడంతో 1922లో వైన్ వచ్చింది. 1935లో మిగతా మద్యం వచ్చింది. బీరు మీద నిషేధం మాత్రం 1989 మార్చి 1 దాకా సాగింది! విస్కీ దొరుకుతుంది, బీరు దొరకదు. 1995 నుంచి 1997 దాకా మనం చూసిన మద్యనిషేధం గుర్తున్నవాళ్లకు ఇలాంటి చిత్రాలు ఆశ్చర్యం కలిగించవు. చట్టం ఒక్కటే పిల్లల చేతిలో గ్లాసు దించలేదని మాత్రం 1998 అంకెలు చూస్తే తెలుస్తుంది.

స్కూళ్లలో "డ్రగ్స్ వద్దు" అని చెప్పే క్లాసులూ ఉండేవి. మన దగ్గర జూన్ 26న, మత్తుమందుల వ్యతిరేక దినం నాడు, ర్యాలీ తీసి, బ్యానర్ పట్టుకుని, ఫోటో దిగి ఇంటికెళ్లే తరహా. అపాయం ఏమిటో చెబితే పిల్లలు మానేస్తారన్న నమ్మకం. పిల్లలకు అపాయం తెలుసు. తెలిసే తాగుతున్నారు.

[తెరపై: తరగతి గది, ప్రశ్నపత్రం, పేరు రాయాల్సిన చోటు ఖాళీ]

ఇక సర్వే దగ్గరికి వద్దాం.

1992లో దేశంలోని ప్రతి స్కూల్లో 14, 15, 16 ఏళ్ల పిల్లలందరి చేతికీ ఒక ప్రశ్నపత్రం ఇచ్చారు. శాంపిల్ తీసుకోలేదు. ఆ రోజు క్లాసుకు వచ్చిన ప్రతి ఒక్కరూ రాశారు. పేరు రాయక్కర్లేదు. నింపిన కాగితాన్ని కవర్లో పెట్టి అంటించి ఇచ్చేయడమే. 1995లో, 1997లో మళ్లీ చేశారు.

ప్రశ్నలు చూస్తే అసలు తెలివి తెలుస్తుంది. తాగుతావా, సిగరెట్ కాలుస్తావా అన్నవి కొన్నే. మిగతావన్నీ మామూలు బతుకు గురించి. వారంలో అమ్మానాన్నలతో ఎంతసేపు గడుపుతావు? రాత్రి ఎన్నింటిదాకా బయట ఉంటావు? క్లబ్బులో ఏదైనా ఆట ఆడతావా, వారానికి ఎన్నిసార్లు? నీ ఫ్రెండ్స్ ఎవరో మీ ఇంట్లో తెలుసా? వాళ్ల అమ్మానాన్నలు మీవాళ్లకు తెలుసా? స్కూల్లో నిన్ను పట్టించుకునేవాళ్లు ఉన్నారనిపిస్తుందా?

ఇంగా డోరా సిగ్‌ఫుస్‌డోట్టిర్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసిన బృందం ఈ జవాబులన్నీ విడదీసి చూశారు. కొన్ని స్కూళ్లలో తాగుడు చాలా ఎక్కువ, కొన్నిట్లో తక్కువ. తాగే పిల్లలకూ తాగని పిల్లలకూ తేడా ఎక్కడుంది? నాలుగు చోట్ల గట్టిగా కనిపించింది. వారానికి మూడు నాలుగుసార్లు కోచ్ ఉన్న ఆటకో, సంగీతానికో వెళ్లడం. వారం మొత్తం మీద అమ్మానాన్నలతో గడిపే సమయం. బళ్లో తనను పట్టించుకుంటారన్న నమ్మకం. రాత్రి పొద్దుపోయాక బయట లేకపోవడం.

రెండో దానిలో ఒక మెలిక ఉంది. ఏడాదికోసారి టూరుకు తీసుకెళ్లడమో, ఆదివారం పూట "రా, నీతో మాట్లాడాలి" అని కూర్చోబెట్టడమో ఇక్కడ లెక్కలోకి రాదు. రోజూ ఇంట్లో పక్కన ఉండటం. ఒకరు వంట చేస్తుంటే ఇంకొకరు హోంవర్క్ చేసుకుంటూ ఉండే సమయం కూడా అందులోకే వస్తుంది. అప్పటిదాకా అక్కడ తల్లిదండ్రులకు నిపుణులు చెబుతూ వచ్చిన "క్వాలిటీ టైమ్" సలహా ఇక్కడ తిరగబడింది. నాణ్యత సంగతి తర్వాత, ముందు గంటలు పెంచండి అన్నారు.

ఇదే సమయంలో హార్వీ మిల్క్‌మన్ అనే అమెరికన్ సైకాలజీ ప్రొఫెసర్ ఐస్‌లాండ్ వస్తూ పోతూ ఉండేవారు. ఆయన వాదన సింపుల్‌గా ఇది: కొందరు ఉత్సాహం కోసం మత్తులోకి వెళ్తారు, కొందరు టెన్షన్ తగ్గించుకోవడానికి వెళ్తారు. ఆ ఉత్సాహం, ఆ ఉపశమనం డాన్సులోనో, ఫుట్‌బాల్‌లోనో, పాటలోనో దొరికేలా చేస్తే? అంటే "వద్దు" అని చెప్పి వదిలేయకుండా, సాయంత్రం ఐదు గంటలకు వాడు వెళ్లడానికి ఒక చోటు చూపించాలి.

[తెరపై: ఒక పొడవాటి బల్ల, చుట్టూ మనుషులు, మధ్యలో ఒకే ఒక రిపోర్టు]

ఇక్కడే ఊరి వాళ్లు వస్తారు.

సర్వే ఫలితాలను దేశం మొత్తానికి ఒక లావుపాటి పుస్తకంగా అచ్చేసి బీరువాలో పెట్టలేదు. ఏ మున్సిపాలిటీ రిపోర్టు ఆ మున్సిపాలిటీకి, ఏ స్కూలు రిపోర్టు ఆ స్కూలుకి ఇచ్చారు. అదీ సర్వే అయిన రెండు నెలల్లోపే. ప్రశ్నపత్రం నింపిన పిల్లలు ఇంకా అదే క్లాసులో కూర్చుని ఉంటారు! రెండేళ్ల తర్వాత వచ్చే రిపోర్టుకీ దీనికీ చాలా తేడా ఉంది.

ఒక తల్లిగానో తండ్రిగానో ఆలోచించండి. "దేశంలో ఇంతమంది టీనేజర్లు తాగుతున్నారు" అని పేపర్లో చదివితే "అయ్యో, కాలం మారిపోయింది" అనుకుని పేజీ తిప్పేస్తాం. మనవాడు అలాంటివాడు కాదుగా! అదే "మీ అబ్బాయి చదివే స్కూల్లో పదో తరగతి పిల్లల్లో ఇంతమంది పోయిన నెల తాగారు" అని పేరెంట్స్ మీటింగ్‌లో స్క్రీన్ మీద వేస్తే? ఆ హాల్లో ఎవరూ ఫోన్ చూసుకోరు. పక్కన కూర్చున్నవాళ్ల వంక చూస్తారు.

అక్కడ ప్రతి స్కూల్లో తల్లిదండ్రుల సంఘం ఉండాలని చట్టం పెట్టారు. "ఇల్లూ బడీ" అనే అర్థం వచ్చే పేరుతో ఒక జాతీయ సంస్థ ఉంది. తల్లిదండ్రులు సంతకం పెట్టే ఒప్పంద పత్రాలు తయారుచేసింది వాళ్లే. చిన్నపిల్లలకు మద్యం కొనివ్వం, పెద్దవాళ్లు లేకుండా మా ఇంట్లో పార్టీలు జరగనివ్వం, పక్కింటి పిల్లల మీద కూడా ఒక కన్నేసి ఉంచుతాం, ఇలాంటి మాటలు అందులో ఉంటాయి. చట్టపరంగా దానికి విలువేం లేదు. కానీ "మా ఫ్రెండ్స్ అందరినీ పంపుతున్నారు, నన్నొక్కడినే ఆపుతున్నావు" అని కొడుకు గొడవకు దిగినప్పుడు, ఆ అందరి అమ్మలూ అదే కాగితం మీద సంతకం పెట్టారని తెలిసిన తల్లికి కొండంత ధైర్యం.

రాత్రి బయట తిరగడానికి టైము కూడా ఉంది. చలికాలంలో 12 ఏళ్ల వయసు దాకా ఉన్న పిల్లలు రాత్రి 8 దాటాక, 13 నుంచి 16 ఏళ్ల వాళ్లు 10 దాటాక పెద్దవాళ్లు తోడు లేకుండా బయట ఉండకూడదు. వేసవిలో రెండు గంటలు అదనం. అంతటా పోలీసులు నిలబడి చూడటం సాధ్యమా? కాదు. అందుకే తల్లిదండ్రులే వంతులవారీగా శుక్ర, శనివారాల్లో రాత్రిపూట వీధుల్లో నడవడం మొదలుపెట్టారు. ఎవర్నీ కొట్టరు, తిట్టరు. "ఏరా, ఇంటికెళ్లే టైమైంది కదా" అంటారు. అంతే. ఎదురుగా వచ్చేది క్లాస్‌మేట్ వాళ్ల నాన్న అయితే సీసా ఎక్కడ దాచాలో తెలియదు కదా.

చట్టాలూ గట్టిగానే ఉన్నాయి. 18 ఏళ్ల లోపు వాళ్లకు పొగాకు, 20 ఏళ్ల లోపు వాళ్లకు మద్యం అమ్మకూడదు. రెండింటికీ ప్రకటనలు బంద్.

[తెరపై: చలికాలంలో లైట్లు వెలుగుతున్న ఇండోర్ ఫుట్‌బాల్ హాలు]

ఇప్పుడు డబ్బు సంగతి. ఇది లేకుండా ఐస్‌లాండ్ కథ చెబితే మోసమే. మన దగ్గర ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడికొచ్చేసరికి వేగం పెంచేస్తారు.

పిల్లల్ని ఆటలకు పంపండి అంటే సరిపోదు. ఆట ఆడటానికి చోటుండాలి, కోచ్ ఉండాలి, ఫీజు కట్టాలి. మంచు కురిసే ఊళ్లలో లోపల ఆడుకునే హాళ్లు కట్టారు. ఆటలు, సంగీతం, డాన్సు క్లబ్బులకు ప్రభుత్వం నిధులు పెంచింది. రేక్యావిక్ నగరం 2007లో ఒక కార్డు తెచ్చింది. ఒక్కో పిల్లవాడికి ఏటా కొంత మొత్తం అందులో వేస్తారు. 2016లో అది 35,000 క్రోనాలు, అప్పటి లెక్కన దాదాపు 20 వేల రూపాయలు. దాన్ని క్లబ్బు ఫీజుకు వాడుకోవాలి. సంపాదన తక్కువున్న ఇంటి పిల్లకి కూడా ఈతకో, వయొలిన్‌కో వెళ్లే దారి దొరికింది.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 1997 నుంచి 2012 మధ్య, మామూలు రోజుల్లో తరచూ అమ్మానాన్నలతో గడుపుతామన్న 15, 16 ఏళ్ల పిల్లలు 23 శాతం నుంచి 46కి పెరిగారు. వారానికి కనీసం నాలుగుసార్లు క్లబ్బు ఆటలకు వెళ్లేవాళ్లు 24 నుంచి 42కి చేరారు.

[తెరపై: ప్రశ్నార్థకం]

సరే, అంతా గొప్పేనా? కొన్ని అనుమానాలున్నాయి, ఉండాలి కూడా.

ఈ పని మొదలైనప్పటి పేరే "2002 నాటికి డ్రగ్స్ లేని ఐస్‌లాండ్". 2002 వచ్చింది, వెళ్లింది. డ్రగ్స్ ఎక్కడికీ పోలేదు. నినాదాలు రాసేవాళ్లు ఎక్కడైనా ఒకటే! ఇంకో ముఖ్యమైన మాట, ఆ ఏళ్లలో యూరప్‌లో చాలా దేశాల్లో టీనేజ్ తాగుడు, సిగరెట్లు తగ్గాయి. ఐస్‌లాండ్‌లో చాలా ఎక్కువగా తగ్గింది. అందులో ఎంత వాటా ఈ పద్ధతిదో కచ్చితంగా విడదీసి చెప్పడం కష్టం. తాగుడు తగ్గింది గానీ అమ్మాయిల్లో దిగులు, ఆందోళన పెరిగాయని వాళ్ల సర్వేలే చూపించాయి. సిగరెట్ పోయి, వేపింగ్ (ఈ-సిగరెట్ పీల్చడం), ఆ తర్వాత పెదవి కింద పెట్టుకునే నికోటిన్ పౌచ్‌లు వచ్చాయి. సర్వే ఆపకుండా చేస్తున్నారు కాబట్టి ఇవన్నీ తెలిశాయి.

[తెరపై: ప్రభుత్వ పాఠశాల గేటు, ముందు రోడ్డు మీద పసుపు గీత]

మరి మన దగ్గర?

ఊరు కూర్చుని లెక్క తేల్చుకోవడం మనకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు వాళ్లను కలిపింది రాత్రి బడి. ఏ ఇంటి కూలి డబ్బులు ఎంత సారాకు పోతున్నాయో వాళ్లకు ఎవరూ సర్వే చేసి చెప్పక్కర్లేకపోయింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

కానీ పిల్లల విషయం వేరు. మొగుడు తాగొస్తే ఇంట్లో తెలుస్తుంది. పద్నాలుగేళ్లవాడు ఏం చేస్తున్నాడో ఇంట్లో ఆఖర్న తెలుస్తుంది.

దేశం మొత్తానికి లెక్కలున్నాయి. 2019లో చేసిన గ్లోబల్ యూత్ టొబాకో సర్వే ప్రకారం మన దేశంలో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. రాష్ట్రాల వారీగానూ అంకెలిచ్చారు. మీ మండలంలో ఎంత? మీ హైస్కూల్లో ఎంత? ఆ సర్వే నుంచి అది తెలియదు. స్కూలుకు 100 గజాల లోపు సిగరెట్, గుట్కా అమ్మకూడదని 2003 నాటి చట్టం ఉంది. బడి ముందు పసుపు గీత గీస్తారు, గీత పక్కనే సిగరెట్లు అమ్మే డబ్బా కొట్టు ఉంటుంది. ఆ డబ్బావాడు ఎవరో హెడ్మాస్టరుకీ తెలుసు, సర్పంచ్‌కీ తెలుసు, పొదుపు సంఘం లీడర్‌కీ తెలుసు, ఆశా కార్యకర్తకీ తెలుసు. ఈ నలుగురూ ఒక బల్ల దగ్గర ఎప్పుడైనా కూర్చున్నారా?

హాళ్లు కట్టే డబ్బు మన పంచాయతీలకు లేదనుకోండి. సాయంత్రం ఆరు దాకా స్కూలు గ్రౌండ్ గేటు తీసి ఉంచడానికి, పీఈటీ సారుకో, ఊళ్లో ఒకప్పుడు కబడ్డీ ఆడినాయనకో కొంత గౌరవ వేతనం ఇవ్వడానికి మరీ అంత డబ్బు అక్కర్లేదు. సర్వేకు అయ్యేది కాగితాలు, కవర్లు, ఒక పీరియడ్ సమయం.

అయితే సర్వే మొదలుపెట్టే ముందు ఒకటి తేల్చుకోవాలి. నింపిన కాగితం ఎవరి చేతికి వెళ్తుంది? చేతిరాత చూసి సారు గుర్తుపడతాడని, పోలీసులకు ఇస్తారని పిల్లలకు ఏ కాస్త అనుమానం వచ్చినా అందరూ "లేదు" అనే రాస్తారు. మీటింగ్‌లో స్క్రీన్ మీద సున్నా పడుతుంది, అందరం చప్పట్లు కొట్టుకుని ఇంటికెళ్తాం. అందుకే ప్రశ్నలకు టిక్ మాత్రమే పెట్టించాలి, క్లాసులో కాగితాలు పంచేది ఆ బడి టీచర్ కాకూడదు, కవర్లు లెక్కపెట్టేది బయటి కాలేజీ వాళ్లయితే మంచిది. ఏ క్లాసులోనైనా పిల్లలు మరీ తక్కువగా ఉంటే ఆ క్లాసు అంకె విడిగా వేయకూడదు, ఎవరో ఇట్టే తెలిసిపోతుంది.

[తెరపై: మత్తు విడిపించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416]